మగ్గం దిగినా తగ్గని ముద్ద

నూలు ధర గూర్చి, రంగుల ధర గూర్చి, నేసిన సరుకు కదలక గదులలో పేరుకొనిపోవడం గూర్చి మన పత్రికలో తరచుగా వ్రాసుకొంటూనే వున్నాము. ఆ నూలు పట్టే చేతిని గూర్చి, మగ్గం తొక్కే కాలిని గూర్చి, తెగిన పోగును పట్టే కంటిని గూర్చి వ్రాసుకొన్నది తక్కువ. పెట్టెలో డబ్బు వున్నా లేకపోయినా ఈ మూడూ వుంటేనే నేతవానికి పని. ఈ మూడింటికీ చేటు తెచ్చే సంగతి ఒకటి మన ఇండ్లలో ప్రవేశించి చాలాకాలమైనది. అది ఒళ్లు రావడం. అందులోనూ పొట్ట రావడం.

పొట్ట వస్తే వచ్చిన నష్టమేమి, కలిగినవారి లక్షణం కదా, అనే పెద్దలు ఇంకా వున్నారు. కరువు రోజులు చూచినవారి నోట ఆ మాట రావడంలో వింత లేదు. కాని పొట్ట వెంట వచ్చేది కలిమి కాదు, మధుమేహం. భారత వైద్య పరిశోధనా మండలి వారి ఆధ్వర్యాన దేశమంతటా జరిగిన సర్వే ఫలితాలు 2023లో వెలువడినవి. పెద్దవారిలో నూటికి 11 మందికి పైగా, అనగా సుమారు 10 కోట్ల మందికి మధుమేహం వున్నదనీ, నూటికి సుమారు 40 మందికి నడుము చుట్టూ క్రొవ్వు మితిమీరి వున్నదనీ అందులో తేలినది. ఈ వ్యాధి ముదిరితే కంటి లోపలి పొరకు రక్తం తెచ్చే సన్నని నాళాలు చెడతాయి. నూరవ నంబరు నూలు పోగు కాదు గదా, ఎదుటి మనిషి మొగమే మసకబారుతుంది. అరికాళ్లకు స్పర్శ పోతుంది. ముల్లు గుచ్చుకొన్నా తెలియదు, పుండు పడితే మానదు. గుమాస్తాకు ఇది జబ్బు. నేతవానికి జబ్బుతో పాటు జీవనం పోవడం కూడా.

ముందుగా ఒక మాట. ఈ వ్యాసం అందరికీ కాదు. రోజుకు పది పన్నెండు గంటలు పనిచేసి, ఆ కూలితో ఇల్లు గడవక, కడుపునిండా తినలేక బక్కచిక్కిన నేతగాండ్రు మనలో ఈనాటికీ వున్నారు. వారికి బరువు తగ్గమని చెప్పడం ఎగతాళి. వారికి కావలసింది కూలి, పప్పు, పాలు. మగ్గం దిగి కుర్చీ ఎక్కినవారికి, గల్లాపెట్టె ముందు కూర్చొన్నవారికి, మరమగ్గాల యజమానులకు, కుట్టు మిషను ముందు రోజంతా గడిపేవారికి, కంప్యూటరు ఉద్యోగాలకు వెళ్లిన మన పిల్లలకు, ఇంట బీడీలు చుట్టే ఆడవారికి ఉద్దేశించినది ఇది.

మన తాతముత్తాతలు తెలంగాణం నుండీ, ఆంధ్ర తీరం నుండీ మగ్గం మూట కట్టుకొని షోలాపూరు, భీవండి, బెంగుళూరు, సేలం, కంచి, బరంపురం చేరినప్పుడు వారి దినచర్య ఎట్టిదో పెద్దల నోట విన్నవారే చాలామంది. తెల్లవారకముందే పడుగు వీధి పొడుగునా సాచి, గంజి పట్టించి, కుంచెలు పట్టుకొని ఆ చివర నుండి ఈ చివరకు, ఈ చివర నుండి ఆ చివరకు ఎన్ని మార్లు తిరిగేవారో లెక్క లేదు. తరువాత గుంట మగ్గంలో దిగి, కాళ్లతో తొక్కుడు కర్రలు తొక్కుతూ, ఒక చేత నాడె త్రాడు లాగుతూ, రెండవ చేత పేక కొడుతూ ప్రొద్దు క్రుంకేవరకు. ఆడవారు కండెలు చుట్టడం, ఆసు పోయడం, బావి నుండి నీళ్లు తోడడం, రోలు, రోకలి. కూర్చొని చేసే పనివలె కనిపించినా నేతపని కూర్చొనే పని కాదు.

అంతమాత్రాన ఆ కష్టం మళ్లీ రావాలని కోరేవాడు వివేకి కాడు. తల్లి ఆసు పోసి పోసి భుజం నొప్పితో బాధపడుతుంటే చూడలేక చింతకింది మల్లేశం గారు 1999లో ఆసు యంత్రాన్ని తయారుచేసినారు. 2017లో ప్రభుత్వం వారికి పద్మశ్రీ ఇచ్చినది. ఆ యంత్రం వచ్చినందుకు ఏ తల్లీ విచారించలేదు. యంత్రం కష్టం తీసివేసినది, మంచిదే. ముద్దను మాత్రం అది తగ్గించలేదు. ఆ తగ్గించే పని మనకే వదిలినది.

ఎంత తగ్గాలి? దీనికి లెక్క వున్నది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ (1918లో కూనూరులో చిన్న పరిశోధనా కేంద్రంగా మొదలై, 1958లో హైదరాబాదుకు వచ్చినది ఈ సంస్థయే) ఎవరెవరికి ఎంత ఆహారశక్తి కావాలో లెక్కలు కట్టి ప్రకటిస్తూ వుంటుంది. ఆ శక్తిని కేలరీలలో కొలుస్తారు. 2020 నాటి లెక్క ప్రకారం కూర్చొని పనిచేసే మగవానికి రోజుకు 2110 కేలరీలు, ఒక మోస్తరు శ్రమ చేసేవానికి 2710. ఆడవారికి 1660, 2130. నేతపనిని ఒక మోస్తరు శ్రమలోనే చేర్చడం వాడుక. అనగా మగ్గం దిగి దుకాణంలో కూర్చొన్న మగవానికి ఆనాటి నుండి రోజుకు 600 కేలరీలు అక్కరలేదు. ఆడవారికి 470 అక్కరలేదు. 600 కేలరీలంటే సుమారు 170 గ్రాముల బియ్యం, అనగా ఒక పూట అన్నం కన్న తక్కువ కాదు.

మనకు తెలిసిన లెక్కే ఇది. సావుకారు నూలు తూచి ఇస్తాడు. చీర వచ్చినాక తూచి తీసుకొంటాడు. ఇచ్చిన నూలుకు, వచ్చిన చీరకు తేడా వుంటే మిగులు ఇంట్లో వున్నదనే అర్థం. ఒంటి సంగతీ అంతే. తిన్నదానికీ, ఖర్చయినదానికీ వున్న తేడా నడుము చుట్టూ నిలువ పడుతుంది. ఆ 600లో పదవ వంతు మాత్రమే ప్రతిదినం మిగిలినా ఏడాదికి కిలో, రెండు కిలోలు పెరుగుతాయి. పది సంవత్సరాలకు ఎంతో ఎవరికి వారే కట్టుకోవచ్చును. పెండ్లినాటి చొక్కా బిగువైనప్పుడు ఉతుకులో గుడ్డ కుంచించినదని నేతవాడే అనడం విడ్డూరం.

పని తగ్గితే ఆకలీ తగ్గుతుంది గదా అని కొందరి సందేహం. తగ్గదు. దీనికి మన వృత్తికి దగ్గరి సాక్ష్యమే వున్నది. అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయపు ఆచార్యుడు జీన్ మేయర్, భారతీయ సహచరులతో కలిసి పశ్చిమ బెంగాలులోని ఒక జనపనార మిల్లులో రెండువందలకు పైబడిన మందిని పరిశీలించి 1956లో ఫలితాలు ప్రకటించినాడు. మూటలు మోసే కూలీలు, మగ్గాల వద్ద పనివారు, గుమాస్తాలు, మిల్లు వద్ద దుకాణం పెట్టుకొని కూర్చొన్నవారు, అందరూ అందులో వున్నారు. తేలినదేమంటే, కూర్చొనేవారు మూటలు మోసేవారితో సమానంగా, కొందరు ఇంకా ఎక్కువగా తింటున్నారు. బరువులోనూ వారే మొదటివారు. కొద్దిపాటి పని చేసేవారు అందరికన్న తక్కువ తిని సన్నగా వున్నారు. అక్కడి నుండి పని పెరిగినకొద్దీ తిండి పెరిగినది, ఒళ్లు మాత్రం పెరగలేదు. బొత్తిగా కదలనివాని ఆకలికి పగ్గం వుండదని దీని సారం.

లండను నగరంలో ఇటువంటిదే మరొకటి. అక్కడి రెండంతస్తుల బస్సులలో కండక్టరు రోజంతా మెట్లెక్కి దిగుతాడు, డ్రైవరు కూర్చొనే వుంటాడు. వైద్యుడు జెరెమీ మోరిస్ 1953లో ప్రకటించిన పరిశోధనలో గుండెజబ్బు డ్రైవర్లలో ఎక్కువగా కనబడినది. తరువాత 1956లో ఆయన వారికి కంపెనీ కుట్టించి ఇచ్చిన దుస్తుల కొలతలు కూడా తీసి చూచినాడు. డ్రైవర్ల పంట్లాముల నడుము కొలతలే పెద్దవి. గుడ్డ కొలతతో జబ్బును పసిగట్టిన ఈ సంగతి మనవారికి నచ్చుతుందని వ్రాస్తున్నాను.

ఇక బరువు ఎక్కువో కాదో తెలిసేది ఎట్లా? కాటా ఒక్కటే చాలదు. మనవారిలో మనిషి సన్నగానే వుండి లోపల క్రొవ్వు వుండడం మామూలు. పూనా నగరపు వైద్యుడు యాజ్ఞిక్ గారు, ఇంగ్లాండు వైద్యుడు యుడ్కిన్ గారు 2004లో తమ ఫోటోనే ఒక వైద్య పత్రికలో వేయించినారు. ఎత్తుకు తగిన బరువు అనే లెక్కలో ఇద్దరూ సమానమే. కాని ఆ ఇంగ్లాండు ఆయన ఒంట క్రొవ్వు నూటికి 9 పాళ్లు, మన ఆయన ఒంట 21 పాళ్లు. కావున తెల్లవారికి పెట్టిన హద్దులు మనకు చెల్లవు. మగవారి నడుము 90 సెంటీమీటర్లు, ఆడవారి నడుము 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడవలెనని మన వైద్యులు నిర్ణయించినారు.

టేపు లేకపోయినా నేత ఇంట నూలుకు కరవు లేదు. మెలి గట్టిగా వున్న నూలు పోగులు నాలుగు కలిపి, పాదం నుండి నడినెత్తి వరకు మీ ఎత్తు కొలిచి తెంపండి. దాన్ని సగానికి మడవండి. ఊపిరి మామూలుగా వదిలి, బొడ్డు మీదుగా నడుము చుట్టూ త్రిప్పండి. రెండు కొసలూ కలిస్తే మంచిది. కలవకపోతే ఎంత ఎడం వున్నదో అంత పని మీ ముందున్నది. పొట్ట లోపలికి పీల్చి కొలిచేవారు ఎవరిని మోసగిస్తున్నారో వారికే తెలియాలి.

తిండి సంగతికి వస్తాము. ఏ పట్టణం చేరినా మన తెలుగువారి భోజన క్రమం మారలేదు. పప్పుకొకమారు అన్నం, కూరకొకమారు అన్నం, పులుసుకో చారుకో ఒకమారు, మజ్జిగకు ఒకమారు. నాలుగు వాయిలు. కూర నంజుకొనేది, అన్నం తినేది. దీన్ని తల్లక్రిందులు చేయడమే అసలు వైద్యం. పప్పు, కూర ఎప్పటికన్న రెట్టింపు వడ్డించుకొని, వాటితో రెండు వాయిల అన్నం తిని, చారును గ్లాసుతో త్రాగి, మజ్జిగనూ గ్లాసుతోనే త్రాగితే భోజనం ముగిసినట్లే. నాలుగు రుచులూ దక్కినవి, సగం అన్నం తగ్గినది. కూర మొదట తిని అన్నం తరువాత పెట్టుకొంటే తక్కువతోనే కడుపు నిండుతుంది. మొదటి పది దినాలు వెలితిగా వుంటుంది. తరువాత అలవాటౌతుంది.

పోషకాహార సంస్థ వారి 2024 నాటి సూచనల ప్రకారం 2000 కేలరీల ఆహారంలో ధాన్యం 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, కూరగాయలు ఆకుకూరలతో కలిపి 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు వుండవలెను. ఉర్లగడ్డ కూరగాయల లెక్కలోకి రాదు. మనిషికి పావుకిలో ధాన్యమంటే బియ్యం, గోధుమ, జొన్న, ఇడ్లీ రవ్వ అన్నీ కలిపి. నలుగురు పెద్దలున్న ఇంటికి నెలకు 30 కిలోలు. మీ ఇంటికి నెలకు ఎన్ని కిలోలు దిగుమతి అవుతున్నదో కిరాణా చీటీలు తీసి చూడండి. కంచం ముందు లెక్కపెట్టడం కష్టం గాని చీటీ అబద్ధమాడదు. నూనెకూ ఇదే పద్ధతి. మనిషికి రోజుకు 25 గ్రాముల చొప్పున నలుగురికి నెలకు 3 కిలోలు. పండుగ నెల కాకపోయినా 6 కిలోలు వాడే ఇండ్లు వున్నవి. ఒక గ్రాము బియ్యానికి మూడున్నర కేలరీలైతే ఒక గ్రాము నూనెకు 9.

జొన్న, రాగి తింటే ఒళ్లు రాదనే నమ్మకం షోలాపూరులోనూ బెంగుళూరులోనూ బలంగా వున్నది. ఇందులో సగమే నిజం. నూరు గ్రాముల జొన్నలో, రాగులలో, బియ్యంలో వుండే కేలరీలు దాదాపు సమానమే. వీటిలో పీచు ఎక్కువ గనుక రెండు రొట్టెలతో కడుపు నిలుస్తుంది, ఆకలి ఆలస్యంగా వేస్తుంది. ఆ మేలు కావాలంటే రెండు రొట్టెలతో లేవవలెను. నాలుగు జొన్నరొట్టెలు శెంగ చట్నీతో తిని, తరువాత ‘కొంచెం అన్నం’ అడిగేవారికి జొన్న ఏమి చేయగలదు? శెంగ చట్నీ బలమైనదే, కాని వేరుశెనగలో సగానికి దగ్గరగా నూనెయే గనుక చెంచాతో సరి. బరంపురంవారి పఖాళ వేసవిలో ఒంటికి హాయి. నీళ్లలో నానినంత మాత్రాన అన్నం అన్నం కాకుండా పోదు, ప్రక్కన వడియాలు, అప్పడాలు నూనెలో తేలినవి వుంటే చెప్పనే అక్కరలేదు. యానాంవారి అదృష్టం చేప. పులుసు పెట్టుకొంటే బరువు తగ్గేవానికి చేపను మించిన కూర లేదు, వేపుడు మాత్రం నెలకొకటి రెండుమార్లు చాలు. సేలం, కంచి వైపు ఇడ్లీ సాంబారు మంచి ఫలహారమే. మూడు ఇడ్లీల తరువాత ‘ఒక్క దోసె’ అనేదే ఇబ్బంది.

తినేటప్పుడు గుర్తుకు రాని తిండి ఒకటున్నది. మరమగ్గాల చప్పుడులో, దుకాణంలో, రోజుకు ఐదుమార్లు టీ. మార్కు రెండు చెంచాల పంచదార వేసినా 50 గ్రాములు, 200 కేలరీలు. ఇది ఎవరూ భోజనంగా లెక్కించరు. చక్కెర మానివేస్తే వారం దినాలు టీ చేదుగా వుంటుంది. రెండవ వారం నుండి చక్కెర టీయే వెగటు పుడుతుంది. టీతో పాటు షోలాపూరు, భీవండిలో వడాపావు ఒకటి. అది సుమారు 300 కేలరీలు. రాత్రి పాళీవారు పనికి పోయేముందు కడుపునిండా కూర, రొట్టె తిని, నడిరేయి కాస్త మజ్జిగ, వేయించిన శెనగలు పెట్టుకొంటే బజ్జీల బండి వద్దకు పోనక్కరలేదు. సారా సంగతి మర్యాదకు దాచి ప్రయోజనం లేదు. ఒక క్వార్టరు సీసాలో 400 కేలరీలకు పైగా వున్నవి. దానితో నంజుకొనేవి వేరే.

ఉపవాసం చేస్తున్నాము గదా అనేవారికి ఒక ముక్క. మరాఠీవారు తమను తామే ఎగతాళి చేసుకొంటూ ‘ఏకాదశీ, దుప్పట్ ఖాశీ’ అంటారు. ఏకాదశినాడు రెండింతలు తింటావు అని. నెయ్యి, వేరుశెనగ పొడి, ఉర్లగడ్డ వేసిన సగ్గుబియ్యం ఖిచిడీ ఆ మాటకు సరిపోతుంది. వారానికి ఒకనాడు పస్తుండి మరునాడు రెట్టింపు తినేదానికన్న ఏడు దినాలూ ఒక వాయి తగ్గించడం మేలు.

ఆడవారిని గూర్చి వేరుగా చెప్పవలసి వున్నది. మన ఇండ్లలో అందరికీ వడ్డించి చివర తినేది ఇల్లాలు. రాత్రి పది దాటుతుంది. అప్పటికి కూర గిన్నె అడుగంటి వుంటుంది, అన్నం మాత్రం మిగిలి వుంటుంది. పారవేయడానికి మనసొప్పక అదే పచ్చడితో తింటుంది. పప్పు, కూరలు మగవారికి, అన్నం ఆమెకు; తరువాత ఆమె ఒళ్లు చేసినదని ఆక్షేపణ ఆమెకే. అన్నం పారవేయరాదన్నది మన ఇంటి ధర్మం. పారవేయకుండా వుండే మార్గం తక్కువ వండడం గాని, మిగిలినదంతా ఒకరి కడుపున వేయడం కాదు. ఇల్లాలు అందరితో పాటు కూర్చొని తినవలెను. అత్తగారు ఒక మాట అంటే ఈ ఆచారం నేటి రాత్రి నుండే మొదలౌతుంది. షోలాపూరు వైపు మన ఆడవారు బీడీ ఆకుల చాట ఒడిలో పెట్టుకొని ఉదయం నుండి సాయంకాలం వరకు కూర్చొనే వుంటారు. గంటకొకమారు లేచి, వీధి చివర వరకు నడిచి వస్తే రోజుకు నాలుగు బీడీలు తగ్గుతాయేమో గాని మోకాళ్లు మిగులుతాయి.

వ్యాయామం వద్దకు వచ్చేసరికి చాలామంది దానిపై పెట్టుకొన్న ఆశ జాస్తి. 70 కిలోల మనిషి అరగంట చురుకుగా నడిస్తే ఖర్చయ్యేది సుమారు 120 కేలరీలు. ఒక్క వడాపావు దిగాలంటే గంటకు పైగా నడవాలి. ప్రొద్దున నడిచి, తిరిగి వచ్చే దారిలో స్నేహితులతో మెదువడ తినేవారు ఎన్ని సంవత్సరాలు నడిచినా ఒక్క కిలో తగ్గకపోవడానికి కారణం ఇదే. బరువు తగ్గించేది ముఖ్యంగా కంచం. తగ్గిన బరువు మళ్లీ రాకుండా కాపాడేది, చక్కెరను, రక్తపు పోటును, ఆకలిని అదుపులో పెట్టేది నడక. ఒకటి చేసి రెండవది మానితే ఫలితం నిలవదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి 2020 నాటి సలహా వారానికి కనీసం 150 నిమిషాల నడక వంటి శ్రమ, వారానికి రెండు దినాలు కండలకు పని. మాట్లాడగలిగి, పాట పాడలేనంత వేగంతో నడవాలి. షోలాపూరువారికి సిద్ధేశ్వరుని చెరువు గట్టు వున్నది, యానాంవారికి గోదావరి ఒడ్డు వున్నది, కంచివారికి గుడి వీధులు వున్నవి. ఏదీ లేనివారికి మేడమెట్లు వున్నవి. మరమగ్గాల పనివారు ‘పన్నెండు గంటలు నిలబడే వుంటాము, ఇంకా నడవమంటారా’ అని అడగడం న్యాయమే. నాలుగు మగ్గాల మధ్య తిరిగేవాడు కూర్చొన్నవాడు కాడు. అతనికి చెప్పేది నడక కాదు. నిద్ర సరిగా పోవడం, పావుగంట వెన్ను, పిక్కలు సాగదీయడం, టీలో చక్కెర మానడం. నడక అతని యజమానికి.

కండల పని అంటే క్రొత్తది కాదు. తాలీంఖానాలో మన పెద్దలు తీసిన దండీలు, బస్కీలే. తిండి తగ్గించి ఊరకే వుంటే క్రొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది, మనిషి నీరసించిపోతాడు. పది బస్కీలతో మొదలుపెట్టి వారానికి రెండు పెంచుకొంటే చాలు. మోకాలి నొప్పి వున్నవారు కుర్చీలో కూర్చొని లేవడమే పదిమార్లు చేయవచ్చును. నేల మీద కూర్చొనలేనివారు గోడకు చేతులు ఆనించి దండీ తీయవచ్చును.

మొదటి వారం కిలో, కిలోన్నర తగ్గి వుత్సాహం కలుగుతుంది. అందులో చాలావరకు నీరు. ఆ తరువాత వారానికి అరకిలో తగ్గితే బాగా జరుగుతున్నట్లు. మూడు నాలుగు నెలలకు కాటా ముల్లు ఒకచోట నిలిచిపోతుంది. చిన్నదైన ఒంటికి ఖర్చు కూడా తక్కువ గనుక అట్లా జరుగుతుంది, మనవారు ఎక్కువమంది విసిగి మానివేసేది అక్కడే. ఆ దశలో వున్నవారు మదరాసు నగరంలో డాక్టర్ రామచంద్రన్ గారు జరిపిన పరిశోధన గూర్చి తెలుసుకోవలెను. మధుమేహం గడప వద్ద నిలిచిన 531 మందిని తీసుకొని, కొందరికి ఆహారం, నడక నేర్పి మూడు సంవత్సరాలు గమనించినారు. 2006లో ఫలితాలు వెలువడినవి. ఏమీ నేర్పనివారితో పోల్చితే వీరిలో మధుమేహం వచ్చే అవకాశం నూటికి 28 పాళ్లకు పైగా తగ్గినది. విశేషమేమంటే వారి బరువు ఇంచుమించు తగ్గనే లేదు. అనగా ముల్లు కదలకపోయినా లోపల పని జరుగుతూనే వుండవచ్చును. ముల్లు నిలిచిననాడు నూలు పోగు తీసి నడుము కొలుచుకొనడం మంచిది.

మధుమేహానికి మాత్రలో, ఇన్సులినో వాడుతున్నవారు తమంతట తాము అన్నం సగం చేయరాదు. చక్కెర ఉన్నపాటున పడిపోయి కళ్లు తిరుగుతాయి. ముందు వైద్యునితో చెప్పి మందు సరిచేయించుకోవలెను. నడుస్తుంటే రొమ్ములో బిగువు పట్టేవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఈ వ్యాసం చూచి ఏదీ మొదలుపెట్టరాదు. నెలలో పది కిలోలు తగ్గిస్తామని ఇంటింటికీ తెచ్చి అమ్మే పొడి డబ్బాలు మన పేటలలోనూ తిరుగుతున్నవి. డబ్బా వెలతో నెలకు సరిపడే పప్పులు, ఆకుకూరలు వస్తాయి. ఈమధ్య ఆకలిని తగ్గించే సూదిమందులు కూడా వచ్చినవి. అవి పనిచేస్తాయి, కాని వైద్యుడు వ్రాసి ఇచ్చినవారికే. మానివేస్తే పోయిన బరువు చాలావరకు తిరిగి వస్తున్నదని కూడా తేలినది.

సంఘాలు చేయదగిన పని కొంత వున్నది. ప్రతి పట్టణంలో మన సంఘ భవనం వున్నది, అందులో వంటశాల వున్నది, పాత్రలు వున్నవి. శుభకార్యాల భోజనాలలో మూడు తీపులు, రెండు వేపుళ్లు, మూడు రకాల అన్నాలు వుంటాయి. ఆకుకూర పప్పు ఒకటి, కాయగూర ఒకటి వేయడం ఎవరికీ నామోషీ కారాదు. తీపి ఒకటైతే పెండ్లివారికి ఖర్చు కూడా దిగుతుంది. ‘ఇంకొక్కటి వేసుకోండి బావగారూ’ అని ఆకు మీద చేయి అడ్డం పెట్టినా వడ్డించే ఆదరం కొంచెం తగ్గించుకోవచ్చును. భవనం ముందు గదిలో ఒక కాటా, ఒక టేపు, ఒక రక్తపు పోటు యంత్రం, ఒక నోటుపుస్తకం పెడితే వీటికి అయ్యే ఖర్చు ఒక పూట విందుకు కాదు. నెలకొకమారు, ఆదివారం ఉదయం, చదువుకొన్న మన యువకులు ఇద్దరు కూర్చొని పేరు, నడుము, బరువు వ్రాసుకొంటే సరిపోతుంది. ఆడవారికి వేరే వేళ పెట్టి, వ్రాసుకొనేందుకు ఆడపిల్లలనే కూర్చొనబెట్టవలెను. లేకపోతే వారు రారు. వచ్చినవారి అంకెలు పదిమందిలో చదవరాదు.